ప్రవక్తలు చేసిన వింత పనులు: బైబిల్లో వాటిని ఎలా చదవాలి

మెడ మీద ఎద్దు కాడి వేసుకుని యెరూషలేములో తిరిగిన మనిషి ఒకరు, ఇటుక మీద ఊరి బొమ్మ గీసి దాని ముందు నెలల తరబడి ఒకే పక్కకి పడుకున్న మనిషి ఒకరు, మూడేళ్లు చెప్పుల్లేకుండా బట్టల్లేకుండా నడిచిన మనిషి ఇంకొకరు. యిర్మీయా, యెహెజ్కేలు, యెషయా. పాత నిబంధన చదివేవాళ్లు చాలామంది ఇక్కడికొచ్చేసరికి అయితే పేజీ తిప్పేస్తారు, లేకపోతే కాడి అంటే విధేయత, కుండ అంటే మన జీవితం అని గబగబా ఒక నీతి పీకేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ డేంజర్, పేజీ తిప్పేసినోడికి కనీసం తను చదవలేదన్న సంగతి తెలుస్తుంది.

నిజానికి ఇలాంటివి మనకి కొత్తేం కాదు. తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద వంటావార్పు చేశారు, ఏ ధర్నా జరిగినా దిష్టిబొమ్మకి శవయాత్ర మామూలే, చూసినోళ్లకి మైకు అక్కర్లేకుండానే విషయం ఎక్కేస్తుంది. కాకపోతే ధర్నా చేసేవాళ్లు మాకిది కావాలి అని అడుగుతారు, ప్రవక్త అడగడు, జరగబోయేదాన్ని ముందే చేసి చూపించేస్తాడు, చాలాసార్లు అది జరగడం ఆయనక్కూడా ఇష్టం ఉండదు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చదివేటప్పుడు నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకుంటా. ఇది ఏ సంవత్సరంలో జరిగింది, ఎవరి కళ్ల ముందు జరిగింది, చేసినాయనకి ఏం నష్టమైంది, ఎవరు అడ్డం పడ్డారు. ఇందులో మనకేంటి అనే ప్రశ్న ఈ నాలుగూ అయ్యాకే, అంతకుముందు దాని జోలికి వెళ్లొద్దు. అన్ని కథల్లోనూ నాలుగింటికీ జవాబు దొరకదు, దొరికినంతే రాసుకోండి, దొరకనిచోట ఊహించి నింపకండి.

ముందు తేదీ

యిర్మీయా 27, 28 అధ్యాయాలు కలిపి ఒకే సిట్టింగులో చదవండి. కొన్ని బైబిళ్లలో 27:1లో యెహోయాకీము పేరు ఉంటుంది, కంగారు పడకండి, 3వ వచనం 12వ వచనం చూస్తే ఇది సిద్కియా రాజు కాలమే అని అర్థమవుతుంది, 28:1లో అయితే సిద్కియా ఏలుబడి నాలుగో సంవత్సరం అయిదో నెల అని క్లియర్‌గా ఉంది. అంటే క్రీ.పూ. 594 లేదా 593. అంతకు నాలుగేళ్ల ముందే, 597లో, బబులోను రాజు నెబుకద్నెజరు వచ్చి కుర్రరాజు యెకొన్యాని, రాజు తల్లిని, సైనికుల్ని, కమ్మరివాళ్లని, గుడిలో సామానుని బబులోనుకి పట్టుకుపోయాడు, సిద్కియాని తనే కూర్చోబెట్టాడు. ఇప్పుడు అదే సిద్కియా దగ్గరికి ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను నుంచి రాయబారులు వచ్చి ఉన్నారు. అయిదు రాజ్యాల వాళ్లు ఒకేసారి యెరూషలేములో దిగారంటే టీ తాగడానికైతే రాలేదు కదా, బబులోను మీద తిరగబడదామా అనే మంతనాలు జరుగుతున్నాయి అని దాదాపు అందరూ ఒప్పుకునే మాట.

అలాంటప్పుడు యిర్మీయా కాడి చేసుకుని మెడకి కట్టుకుని వచ్చాడు, ఆ రాయబారుల చేత వాళ్ల రాజులకి కూడా కాడి కబురు పంపాడు. బబులోను రాజుకి లొంగండి, లొంగితే మీ నేల మీద మీరు బతుకుతారు, లేకపోతే కత్తి, కరువు, తెగులు. ఇప్పుడు చెప్పండి, ఆ రోజు అక్కడున్నవాళ్లకి అది విధేయత మీద ప్రసంగంలా వినపడిందా? దేశద్రోహంలా వినపడింది. తర్వాత 38వ అధ్యాయంలో అధికారులు ఈయన సైనికుల చేతులు బలహీనం చేస్తున్నాడు, చంపేయాలి అని రాజుతో అన్నారంటే ఊరికే అనలేదు. తేదీ తీసేసి చదివితే కాడి మెత్తటి బొమ్మ అయిపోతుంది, తేదీ పెట్టి చదివితే అది రాజుగారి విదేశాంగ విధానం మీద మెడకి కట్టుకుని తిరిగిన అభ్యంతరం.

యెషయా 20 కూడా అంతే. బట్టల్లేకుండా నడవడం అనగానే వినయం, లోకాన్ని విడిచిపెట్టడం అని చెప్పేవాళ్లని విన్నాను. కానీ ఆ అధ్యాయం మొదటి వచనమే అష్షూరు రాజు సర్గోను పంపిన సైన్యాధిపతి అష్డోదుని పట్టుకున్న సంవత్సరం అని మొదలవుతుంది, అది క్రీ.పూ. 711. ఐగుప్తు, కూషు (దాని దక్షిణాన ఉన్న రాజ్యం) మనకి అండగా ఉంటాయి అని నమ్ముకుని తిరగబడ్డ ఊరు అష్డోదు. యెషయా ఒంటితో చూపించింది ఏంటంటే, మీరు నమ్ముకున్న ఆ ఐగుప్తువాళ్లనే, కూషువాళ్లనే ఇలా బట్టలూడదీసి బందీలుగా నడిపించుకుపోతారు అని. అర్థం 3 నుంచి 6 వచనాల్లో అక్కడే రాసుంది, మనం కనిపెట్టాల్సిన పనే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ చేష్టల్లో చాలావాటికి వివరణ కొన్ని వచనాల్లోనే కింద దొరుకుతుంది, యిర్మీయా 13లో నార నడికట్టు కథకైనా అంతే. వివరణ ఉన్నచోట సొంత వివరణ పెట్టకండి.

అడ్డం పడ్డవాడిని వదిలేయొద్దు

మళ్లీ కాడి దగ్గరికి వద్దాం, అసలు కథ ఇక్కడే ఉంది. గిబియోను నుంచి వచ్చిన హనన్యా అనే ప్రవక్త గుడిలో, యాజకులు జనం అందరూ చూస్తుండగా, రెండేళ్లలో గుడి సామాను మొత్తం తిరిగొచ్చేస్తుంది, యెకొన్యా కూడా వచ్చేస్తాడు అని చెప్పి, యిర్మీయా మెడ మీది కాడి లాగి విరగ్గొట్టేశాడు. ఒకసారి ఆ గుంపులో మీరున్నారనుకోండి. ఒకాయన కాడి మోస్తూ చేదు మాట చెప్తున్నాడు, ఇంకొకాయన అందరి ముందు దాన్ని ఠప్పుమని విరిచి తీపి మాట చెప్పాడు. ఇద్దరూ యెహోవా పేరే చెప్పారు, ఇద్దరిదీ సంకేత చేష్టే. మనం ఎవరికి చప్పట్లు కొట్టేవాళ్లం?

దీనికి యిర్మీయా ఏం చేశాడో చూడండి. విరగ్గొట్టకముందు హనన్యా మాట విని ఆమేన్ అన్నాడు, అలాగే జరగాలి అన్నాడు, కాకపోతే శాంతి అని చెప్పిన ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుంది అని కూడా అన్నాడు. కాడి విరిగాక మాత్రం ఏమీ అనలేదు, తన దారిన తను వెళ్లిపోయాడు. ఆ వెళ్లిపోవడం ఒక్క ముక్కలో ఉంటుంది, చాలామంది దాటేస్తారు, నాకైతే రెండు అధ్యాయాల్లో అదే బాగా నచ్చుతుంది. అప్పటికప్పుడు చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు, లేని మాట సృష్టించలేదు. తర్వాత మాట వచ్చింది, కొయ్య కాడి విరిచావు, దాని బదులు ఇనుప కాడి వచ్చింది అని. హనన్యా ఆ ఏడే ఏడో నెలలో చనిపోయాడు, అంటే రెండు నెలలకి.

ఇలాంటిదే 1 రాజులు 22లో ఇంకోటి ఉంది. షోమ్రోను గుమ్మం దగ్గర కళ్లంలో ఇశ్రాయేలు రాజు అహాబు, యూదా రాజు యెహోషాపాతు సింహాసనాల మీద కూర్చుని ఉంటే నాలుగు వందల మంది ప్రవక్తలు యుద్ధానికి వెళ్లు, గెలుస్తావు అంటున్నారు, వాళ్లలో కెనయనా కొడుకు సిద్కియా (రాజు సిద్కియా కాదు, వేరే మనిషి) ఇనుప కొమ్ములు చేయించుకుని మరీ వచ్చి వీటితో సిరియావాళ్లని పొడుస్తావు అన్నాడు. ఎదురు చెప్పిన మీకాయా దగ్గర కొమ్ముల్లేవు, కుండల్లేవు, ఉత్త నోటి మాటే, దానికి చెంపదెబ్బ తిన్నాడు, జైలుకి వెళ్లాడు. అహాబు రామోత్గిలాదులో చచ్చిపోయాడు. సామాను తెచ్చినాయన తప్పు, చేతులూపుకుంటూ వచ్చినాయన కరెక్టు.

ఇప్పటికి పనికొచ్చే విషయం నాకు ఇక్కడ కనపడుతుంది. మన మీటింగుల్లో ఈ మధ్య ప్రవచనాత్మక క్రియ అనే మాట బాగా వినపడుతోంది, స్టేజీ మీద కుండ పగలగొట్టడం, తాళంచెవులు పంచడం, స్థలం చుట్టూ ఏడుసార్లు తిరగడం, నూనె సీసాలు, రుమాళ్లు. అన్నీ మోసం అని నేనట్లేదు. కానీ యిర్మీయా కూడా కుండ పగలగొట్టాడు కదా అని ఎవరైనా అంటే, హనన్యా కూడా కాడి విరగ్గొట్టాడు అని గుర్తుచేయండి. బైబిలు ప్రకారం చేష్ట ఎప్పుడూ రుజువు కాదు. పైగా యిర్మీయా కుండ పగలగొట్టింది హిన్నోము లోయలో, ఊరి పెద్దల్ని యాజకుల్లో పెద్దల్ని వెంటబెట్టుకెళ్లి, ఈ ఊరు ఇలా పగిలిపోతుంది, మళ్లీ అతకదు అని చెప్పడానికి. అక్కణ్ణుంచి గుడి ఆవరణలోకొచ్చి అదే మాట అంటే పషూరు అనే యాజకుడు కొట్టించి బొండలో (మనిషిని కదలకుండా బిగించే కొయ్యలో) వేయించాడు, రాత్రంతా అందులోనే ఉన్నాడు. మీ అప్పులు పగిలిపోతాయి అని చెప్పడానికి ఆ కుండ వాడేయడం కుదరదు.

ఎవరికి ఖర్చయింది

యెహెజ్కేలు 4, 5 అధ్యాయాలు ఈ ప్రశ్నతో చదవండి. ఈయన యాజకుడు, 597లో చెరకి పోయిన బ్యాచ్‌లోనే ఉన్నాడు, కెబారు కాలవ దగ్గర తేలాబీబు అనే చోట ఉండేవాడు, ఆ కాలవ నిప్పూరు నగరం పక్కన ఉండేదని బబులోను మట్టి పలకల వల్ల తెలుస్తోంది. ఇంకో సంగతి, నిప్పూరు నగరం ప్లాను గీసిన మట్టి పలక ఒకటి తవ్వకాల్లో దొరికింది, యెహెజ్కేలు కంటే ఎన్నో వందల ఏళ్ల పాతది. అంటే మట్టి ఇటుక మీద ఊరి మ్యాపు గీయడం ఆ ప్రాంతంలో ఎవరికీ వింత కాదు. ఆ ఇటుక మీద బబులోను నగరమో నిప్పూరో కాకుండా వెయ్యి కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న సొంతూరు ఉండటం, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు పెట్టడం, మధ్యలో ఇనుప పెనం నిలబెట్టడం, ఇదీ వింత. చూస్తున్నవాళ్లు త్వరలో ఇంటికెళ్లిపోతాం అనుకుంటున్న జనం.

తర్వాత ఎడమ పక్కకి 390 రోజులు, కుడి పక్కకి 40 రోజులు. ఇరవై నాలుగ్గంటలూ అలాగే పడుకున్నాడా అంటే, రొట్టె కాల్చుకోమని కూడా అక్కడే ఉంది, పైగా 1:2 నుంచి 8:1 దాకా ఉన్న తేదీలు లెక్కేస్తే మధ్యలో పద్నాలుగు నెలలే, చాంద్రమాసాల ప్రకారం సుమారు 413 రోజులు, రెండూ కలిపిన 430కి చాలవు, అప్పటికి ఆయన ఇంట్లో పెద్దలతో కూర్చుని ఉన్నాడు. రోజులో కొంతసేపు జనం చూసేలా పడుకునేవాడు అనేవాళ్లున్నారు, పండితులు ఇంకా తేల్చలేదు. పాత గ్రీకు బైబిల్లో అయితే 390 బదులు 190 అని ఉంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ అంకెల్ని ఏడుతో గుణించి 1948 (ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన ఏడాది) తెప్పించే వీడియోలు యూట్యూబులో బోలెడున్నాయి, వాటి మీద టైం పెట్టకండి.

తిండి సంగతి చూడండి. గోధుమలు, యవలు, చిక్కుళ్లు, కాయధాన్యాలు, జొన్నలు అన్నీ ఒకే పాత్రలో కలిపి రొట్టె, ఎందుకంటే ముట్టడిలో ఏ ఒక్క గింజా సరిపడా ఉండదు, డబ్బాల అడుగున మిగిలిందంతా కలపాలి. రోజుకి 20 తులాలు, అంటే పావుకేజీకి కాస్త తక్కువ. నీళ్లు అర లీటరుకి కాస్త ఎక్కువ, బబులోను ఎండల్లో. అమెరికాలో ఉన్న మనవాళ్లకి తెలిసే ఉంటుంది, ఎజెకియల్ 4:9 అని మొలకెత్తిన గింజల బ్రెడ్డు సూపర్ మార్కెట్లలో హెల్త్ ఫుడ్‌గా అమ్ముతారు, ఆకలిచావుల సూచన కాస్తా బ్రేక్‌ఫాస్ట్‌గా మారిపోయింది. రొట్టెని మనిషి మలం మీద కాల్చమన్నప్పుడు మాత్రం యెహెజ్కేలు ఆగిపోయాడు, చిన్నప్పట్నుంచీ అపవిత్రమైంది ముట్టలేదు ప్రభువా అన్నాడు, సరే ఆవు పేడ వాడుకో అని సడలింపు వచ్చింది. పిడకల మీద వండుకున్న ఇళ్లలో పుట్టినవాళ్లకి అందులో కష్టం ఏముందో వెంటనే తట్టదు, కష్టం పేడలో లేదు, యాజకుడిగా పుట్టి గుడికి దూరమై, చివరికి తన శుద్ధి కూడా తన చేతిలో లేకుండా పోవడంలో ఉంది. అయిదో అధ్యాయంలో కత్తితో తల, గడ్డం గొరిగించుకున్నాడు, లేవీయకాండం 21లో యాజకుడు అలా గొరిగించుకోకూడదని ఉంది. ఊరికి రాబోయే అవమానం ముందు ఆయన ఒంటి మీద పడింది.

24వ అధ్యాయంలో ఆయన భార్య చనిపోతుంది, ఏడవొద్దు అని ఆజ్ఞ. దీని మీద నేను ఎక్కువ మాట్లాడను, ఎవరైనా చావు ఇంట్లో ఈ వాక్యం చూపించి ఏడవకండి అంటే మాత్రం ఆపండి, అది ఆ ప్రవక్తకి ఆ రోజుకి చెప్పింది.

హోషేయ ప్రవక్త విషయంలో కూడా నాకొక ఇబ్బంది ఉంది, దాచను. ఆయన భార్య గోమెరు, ముగ్గురు పిల్లలు, వాళ్లకి పెట్టిన పేర్లు, తర్వాత మూడో అధ్యాయంలో 15 తులాల వెండి, యవలు ఇచ్చి ఆడమనిషిని కొని తెచ్చుకోవడం. దేవుడి ప్రేమ ఎంత గొప్పదో అని చెప్తాం, నిజమే, కానీ ఆ మూడు అధ్యాయాల్లో గోమెరు కథలో తను చెప్పుకునే మాట ఒక్కటీ లేదు, నాకు జాలి దొరకదు అని పేరు పెట్టించుకున్న పిల్ల ఎలా పెరిగిందో లేదు. ఖర్చు ఎవరికి అనే ప్రశ్న ఇక్కడ ప్రవక్త దగ్గర ఆగదు, ఇంట్లోవాళ్ల దాకా వెళ్తుంది. అందుకే భార్యల్ని దారిలో పెట్టడానికి ఈ అధ్యాయాలు వాడే ప్రసంగాలంటే నాకు పడదు, అక్కడ తప్పు చేసిన పాత్ర మొత్తం దేశానిది, వినే మగవాళ్లతో కలిపి.

చేసినాయనకీ అర్థం తెలియకపోవచ్చు

యిర్మీయా 32 నిదానంగా చదవండి, వీలైతే రెండుసార్లు. సిద్కియా పదో సంవత్సరం, బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ఉంది, ఒక ఏడాదిలో ఊరు పడిపోతుంది. యిర్మీయా కాపలా ఆవరణలో ఖైదీ. అంతకుముందు బబులోనువాళ్లు కొన్నాళ్లు వెనక్కి తగ్గినప్పుడు బెన్యామీను ప్రాంతంలో తన వాటా పనిమీద బయల్దేరితే ఊరి గుమ్మం దగ్గరే పట్టుకుని, శత్రువుల్లో కలిసిపోతున్నావు అని కొట్టి లోపలేశారు, అది 37లో ఉంది. ఇప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు జైలుకొచ్చి అనాతోతులో నా పొలం కొనుక్కో, విడిపించే హక్కు నీదే అంటాడు. అనాతోతు యెరూషలేముకి అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు, చుట్టూ శత్రు సైన్యమే. పైగా 11వ అధ్యాయం చూడండి, యిర్మీయాని చంపుతామని బెదిరించింది ఈ అనాతోతువాళ్లే.

అలాంటి పొలానికి 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు, ముద్ర వేసిన దస్తావేజు ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి చాలాకాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. ఇది కథ కోసం కల్పించిన పద్ధతి కాదు, యెరూషలేముకి ఆగ్నేయాన మృతసముద్రం దగ్గరి గుహలో 1961లో బబతా అనే యూదు స్త్రీ కాగితాలు దొరికాయి, క్రీ.శ. రెండో శతాబ్దానివి, వాటిలో కూడా ఒకే విషయాన్ని పైన రాసి చుట్టి ముద్రేసి, కింద మళ్లీ తెరిచి ఉంచిన జంట దస్తావేజులున్నాయి. ఎవరైనా తర్వాత కింది కాపీ దిద్దితే పైది విప్పి చూస్తారు.

రిజిస్ట్రేషన్ అంతా పద్ధతిగా అయ్యాక, అప్పుడు ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన మొదట సృష్టి, ఐగుప్తు విడుదల అని చాలా పెద్ద పెద్ద మాటలతో సాగి చివర్లో అసలు బాధ బయటపడుతుంది: ముట్టడి దిబ్బలు పట్టణం దాకా వచ్చేశాయి, నువ్వేమో సాక్షుల్ని పెట్టుకుని పొలం కొనుక్కోమంటావు. సంకేతం చేసినాయనకే సంకేతం అర్థం కాలేదు, ముందు డబ్బు కట్టాడు, తర్వాత అడిగాడు. జవాబుగా ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారు, దస్తావేజులు రాస్తారు అని వచ్చింది. ఆయన మాత్రం ఆ పొలంలో కాపురం చేసినట్టు ఎక్కడా లేదు, ఐగుప్తుకి లాక్కుపోయారు. ఎజ్రా 2:23లో చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల లిస్టులో అనాతోతువాళ్లు 128 మంది అని ఉంది. యూదులు ఇప్పటికీ సమాజమందిరాల్లో లేవీయకాండం 25, అమ్మేసిన భూమిని బంధువు విడిపించే చట్టం, చదివే వారం దానితో పాటు ఈ పొలం కథే చదువుకుంటారు.

దీన్ని స్థలాలు కొనుక్కోండి దేవుడు దీవిస్తాడు అని చెప్పడం కూడా విన్నాను, దండం పెట్టాలి అంతే. ఇక్కడ కొన్నదానికి ఆ రోజు మార్కెట్లో విలువ సున్నా.

సండే స్కూల్లో చెప్పేవాళ్లు పిల్లలతో ఇటుక బొమ్మలు, అట్టముక్కల కాడి చేయించండి, బాగా పట్టుకుంటారు, కానీ హనన్యా పాత్ర కూడా ఒకరికి ఇచ్చి ఎవరిది నిజం అని ఓటు వేయించండి, అప్పుడు అసలు డిస్కషన్ మొదలవుతుంది. పెద్దవాళ్ల గ్రూపులో అయితే యెహెజ్కేలు 33వ అధ్యాయం చివరి నాలుగు వచనాలు ముందు చదివి మొదలుపెట్టొచ్చు, జనం ఆయన దగ్గరకొచ్చి మంచి గొంతున్నోడు పాడే పాటలా విని ఆనందించి వెళ్లిపోయేవాళ్లని ఉంటుంది, అన్ని చేష్టలు చేశాక వచ్చిన రిజల్టు అది.

ఇక సొంతంగా ప్రయత్నించడానికి 2 రాజులు 13:14 నుంచి 19 దాకా తీసుకోండి, ఆరు వచనాలే, ప్రవక్త ఎలీషా మంచం మీద చివరి జబ్బుతో ఉన్నాడు. నాలుగు ప్రశ్నలూ వేయండి. ఒక్క క్లూ ఇస్తాను, అక్కడ బాణాలు పట్టుకుని నేలని కొట్టేది ప్రవక్త కాదు, రాజు యెహోయాషు, ఎన్నిసార్లు కొట్టాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.